జోలపాట యెవరిది?

గడచిన వేసవిలో మా యింట పురుడు వచ్చినది. ఉద్యోగనిమిత్తమై మూడేండ్లు అమెరికాలో నుండి వచ్చిన మా అమ్మాయి ఆడపిల్లను కన్నది. 21వ నాడు బిడ్డను ఉయ్యాలలో వేసి, పేరంటాండ్రు లాలిపాటలు పాడి, తాంబూలములు పుచ్చుకొని వెడలిన పిమ్మట, దీపాలవేళ మా అమ్మాయి ఒంటరిగా గూర్చుండి బిడ్డను జోకొట్టుచు ఏదియో ఆంగ్లపు పాటను సన్నని గొంతుతో పాడుకొనుచుండెను. మా అత్తగారు గుమ్మము కడ నిలిచి కొంతసేపు వినిరి.

"అదేం పాటే అమ్మడూ? చెవికి బాగానే ఉంది."

"జోలపాటే మామ్మా. అమెరికా వాళ్లది. సముద్రపు ఒడ్డున జాలరి ఇల్లాలు తన బిడ్డకు పాడుతుంది."

"ఆహా! తరువాత?"

మా అమ్మాయి దాపరిక మెఱుగనిది. "తరువాత తుపానులో మొగుడూ పోతాడు, ఆమే పోతుంది. ఆ పాటనే ఇంకొకావిడ ఆ బిడ్డకు పాడుతుంది" అని చెప్పివేసినది.

అంతే. మా అత్తగారి మొగము వివర్ణమయ్యెను. "తల్లి పోయే కథలో పాటా పురిటింట పాడేది! నోట మంచిమాట రాకూడదూ?" అని లోనికి పోయిరి. రెండు దినములు మనుమరాలితో మాటలాడలేదు. కోడలిగా నొకరికిని, తల్లిగా నొకరికిని సమాధానము చెప్పవలసినవారము మేము. తగవు తీర్చవలెనన్న ముందు పాట వినవలెను గదా యని, మా అమ్మాయి ఫోనులో దాచుకొన్న ఆల్బములను ఒక్కొక్కటిగా విన నారంభించితిమి. వేసవి యంతయు నందులోనే గడచినది.

అంతకుముందు మాకీ సంగీతముపై గౌరవము లేదని యొప్పుకొనవలెను. జాజ్ అనగా హోటళ్లలో గంతులు వేయుటకు వాయించెడు రొద యనియు, సోల్ అనగా గొంతు చించుకొని అఱచుట యనియు మా తలంపు. రాగాలాపనకు అలవాటుపడిన చెవికి ఆ పాటలు తొలుత రుచింపవు. రుచించుటకు మార్గమొకటి మాకు దొరకినది. పది పాటలు ఒక్కరి గొంతున వినుటకంటె, ఒక్క పాటను పదిమంది గొంతులలో వినుట మేలు. వరుస తెలిసినదగుటచే మనసు వరుసను విడిచి పాడెడు మనిషిని పట్టుకొనును. మేము పట్టుకొన్న పాట మా యింట తగవు తెచ్చిన యా జోలపాటయే.

దాని పేరు "సమ్మర్‌టైమ్", అనగా వేసవికాలము. "పోర్గీ అండ్ బెస్" అను సంగీతరూపకము తెర లేవగానే వచ్చును. కథ అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున చార్ల్‌స్టన్ రేవులో, నల్లజాతి పేదలు కాపురముండు ఒక లోగిలిలో జరుగును. డ్యూబోస్ హేవర్డ్ 1925లో వ్రాసిన నవల దానికి మూలము. ఆ నవలను ఆయనయు ఆయన భార్య డొరొతీయు గలసి 1927లో నాటకముగా మలచిరి. స్వరకర్త జార్జి గెర్ష్విన్ 1934 వేసవిలో చార్ల్‌స్టన్ చెంతనున్న ఒక చిన్న దీవికి బోయి నివసించి, ఆ తీరపు నల్లజాతివారి పాటలను, ప్రార్థనలను చెవులార వినెను. రూపకము 1935 అక్టోబరు 10వ తేదీన న్యూయార్కు రంగస్థలము నెక్కెను. నాడు జాలరి భార్య క్లారాగా జోల పాడినది అబీ మిచెల్. ప్రదర్శనలు 124తో ఆగిపోయినవి, పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. పాట మాత్రము నిలిచినది.

వ్రాసినవారును స్వరపఱచినవారును తెల్లవారు, పాడినవారు నల్లజాతివారు. 1936లో ఈ రూపకము వాషింగ్టన్ నగరమునకు బోయినప్పుడు, అచటి నాటకశాలలోనికి నల్లజాతి ప్రేక్షకులను రానిచ్చు వాడుక లేదు. పోర్గీ వేషధారి టాడ్ డంకన్, బెస్ వేషధారిణి ఆన్ బ్రౌన్ తమ జాతివారిని రానీయని చోట పాడమని పట్టుబట్టిరి. యజమానులు దిగివచ్చిరి. ఆ శాలలో రెండు జాతులవారును కలిసి కూర్చుండి ఆట చూచుట అదియే మొదలు.

జోలలో తల్లి యేమనును? నీ తండ్రి కలవాడు, నీ తల్లి చక్కనిది, నీకేమి భయము, ఏడువకు మనును. పాడునది పూటకు గడవని లోగిలిలో. ఇది చదివి మాకు మన పల్లెలు జ్ఞప్తికి వచ్చినవి. పాతచీరను దూలమునకు కట్టి ఉయ్యాల చేసిన తల్లియు బంగారు గొలుసుల తొట్టియనియే పాడును. అది అబద్ధమని యెవరును అనరు.

పాట చిన్నది. నాలుగేసి మాత్రల బారులు పదునాఱు. అదే వరుసలో రెండు చరణములు. వెనుక వాద్యములలో రెండు స్వరసమ్మేళనములు ఇటునటు మాఱుచుండును. వ్రేలితో తట్టుచు వినినచో ఉయ్యాల ఊగుచున్నట్లే తోచును. ఆ యూపు పట్టుబడినయెడల తక్కిన దంతయు సులభము.

మేము మొదట విన్నది బిల్లీ హాలిడే పాడినది. 1936 జూలైలో ఆమె దీనిని రికార్డు చేసినప్పటికి ఆమె వయసు 21. గ్రామఫోను ప్లేటు పట్టునది మూడు నిమిషములు మాత్రమే. ఇచట ఒక సంగతి చెప్పవలెను. 1925కు పూర్వము గాయకులు పెద్ద బూరాలోనికి గొంతెత్తి పాడవలసియుండెడిది. లేనిచో మైనముపై గీత పడదు. ఆ యేట మైకుతో రికార్డు చేయు పద్ధతి వచ్చినది. అప్పటినుండి చెవిలో గుసగుసలాడినట్లు పాడుటకు వీలు గలిగినది. బిల్లీ గొంతు చిన్నది, ఎత్తుకు పోదు. మైకు లేకున్న ఆమె లేదు. ఆమె నేర్పంతయు కాలములో నున్నది. తాళము ముందు నడచుచుండగా, మాట వెనుక తీరికగా వచ్చును. తప్పిపోయినదేమో యని మనము భయపడునంతలో వచ్చి కలియును. ఆ ప్లేటులో బూరా వాయిద్యము గుఱ్ఱుమనుచుండును, నడక కొంచెము వడి. బిడ్డ నిద్రించునట్టి పాట కాదది. కాని పాడెడు పిల్లకు లోకమనిన భయము లేదని తెలియుచుండును.

ఆ వెంటనే మా అమ్మాయి అదే గాయని 1958 ఫిబ్రవరిలో పాడిన "లేడీ ఇన్ శాటిన్" అను ఆల్బమును పెట్టినది. మేము ఉలికిపడితిమి. 22 ఏండ్లలో గొంతు బొంగురుపోయి, అంచులు చినిగి, కొన్నిచోట్ల మాట్లాడుటయే గాని పాడుట లేదు. నడుమ ఆమె త్రాగుడునకును మత్తుమందునకును బానిసయైనది; 1947లో చెఱసాలకు బోయినది; ఆపై న్యూయార్కు నగరపు మద్యశాలలలో పాడు అనుమతిపత్రము పోగొట్టుకొన్నది. చుట్టును పట్టువంటి వయొలీనులు, నడుమ ఈ చినిగిన గొంతు. వాద్యములు కూర్చిన రే ఎల్లిస్ రికార్డింగునాడు ఆమె పాటకు సంతోషింపలేదట. తరువాత తీరికగా విని, తాను సంగీతమును విన్నాడే గాని అందలి వేదనను వినలేదని గ్రహించెనట. 1959 జూలై 17వ తేదీన ఆమె 44వ యేట మరణించెను. ఈ ఆల్బమును మెచ్చనివారు నేటికిని కలరు. మా అభిప్రాయ మడిగినచో, ఇది కొత్తవారు మొదట వినదగినది కాదు. 1930వ దశకపు ప్లేట్లు కొన్ని నెలలు విని, ఆమె మన యింటి పిల్ల యన్నంత చనువు కలిగిన పిమ్మట వినవలెను. ముందే వినినచో జాలి కలుగును. జాలితో విన్నది పాట కాదు.

ఆల్బమన్న మాట యెట్లు వచ్చినదో కూడ చెప్పెదము. మూడు నిమిషముల ప్లేట్లు నాలుగైదింటిని, ఫోటోలు దాచుకొను పుస్తకమువంటి అట్టల సంచిలో నమర్చి అమ్మెడివారు. ఆ పుస్తకమే ఆల్బము. 1948లో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద ప్లేటు వచ్చి, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాట పట్టుటతో, వెనుకటి పుస్తకమంతయు ఒక్క ప్లేటులో నిమిడినది. పేరు మాత్రము మాఱలేదు. దీనివలన గాయనికి లాభించినదేమనగా, ఒక కవి పాటలను వరుసగా కూర్చి, ఒక గ్రంథమువలె మన ముందు పెట్టగలిగినది.

ఆ పని ఎల్లా ఫిట్జిరాల్డ్ చేసినంత నిండుగా మఱియొకరు చేయలేదు. 1956లో నార్మన్ గ్రాంజ్ అను నాతడు వర్వ్ అను రికార్డుల సంస్థను స్థాపించి, ఆమెచే కోల్ పోర్టర్ వ్రాసిన పాటలు 32 పాడించి రెండు ప్లేట్లుగా వెలువరించెను. దానిని "సాంగ్ బుక్" అనిరి. తరువాత రాడ్జర్స్, హార్ట్ జంట, డ్యూక్ ఎలింగ్టన్, ఇర్వింగ్ బర్లిన్, 1959లో గెర్ష్విన్ సోదరులు, ఇది అయిదు ప్లేట్లు, పిమ్మట హెరల్డ్ ఆర్లెన్, జెరోమ్ కెర్న్, 1964లో జానీ మెర్సర్. మొత్తము ఎనిమిది. ఇవి చాలవఱకు అంతకుముందు ఇరువది ముప్పది యేండ్లనాటి నాటకములలోను సినిమాలలోను పుట్టి, చెదరిపోయిన పాటలు. మన యిండ్లలో పెద్దలు పోగానే మఱుగుపడిపోవు పాటలవలెనే యివియు పోవలసినవే. చాలమంది గాయకులు పాటకు ముందువచ్చు ఎత్తుగడ చరణమును విడిచి, పల్లవివంటి భాగమునే పాడుదురు. ఎల్లా ఆ విడిచిన చరణములను వెదకి పాడినది. ఆమె పాడువఱకు మా పాటలింత మంచివని మాకు తెలియదని ఐరా గెర్ష్విన్ అన్నట్లు చెప్పుదురు.

ఆమె గొంతు కడిగిన ముత్యము. ప్రతి యక్షరమును వినబడును. ఆంగ్లము కొలదిగా వచ్చిన మన సోదరీమణులు ఈమెతోనే ప్రారంభించుట మంచిది. విచారపు పాటలను సైతము సంతోషముగా పాడునను నింద యీమెపై గలదు. కొన్ని పాటల విషయమున అది నిజమే. కాని ఆ సంతోషము ఊరక వచ్చినది కాదు. 1932లో, ఆమెకు పదునైదేండ్లప్పుడు తల్లి పోయినది. పినతల్లి చేరదీసినది. పిదప అనాథాలయము, ఆపై బాలికలను దిద్దుటకని పెట్టిన ప్రభుత్వపు బడి. ఆ చోట్లు భరింపలేక పారిపోయి, హార్లెము వీధులలో పాడి కాసులు సంపాదించినది. 1934 నవంబరులో అపోలో నాటకశాలలో కొత్తవారి పోటీకి నాట్యమాడవలెనని పోయి, తనకు ముందు ఆడిన అక్కచెల్లెండ్రను చూచి ధైర్యము చాలక, అప్పటికప్పుడు పాడి బహుమతి గొన్నది. 1960లో బెర్లిన్ నగరమున వేలమంది యెదుట "మాక్ ది నైఫ్" పాడుచు నడుమ మాటలు మఱచి, మఱచితినన్న సంగతిని సైతము తాళములో ఇమిడ్చి పాడివేసినది. ఆ రికార్డునకే గ్రామీ బహుమతి వచ్చినది. పేరంటములో పాట మఱచి తెల్లబోయిన అనుభవము గలవారందఱును దీనిని తప్పక వినవలెను.

మన జోలపాటను ఎల్లా 1957లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగుతో గలసి పాడినది. ముందు ఆయన బూరా, తరువాత ఆమె చరణము, ఆ పిమ్మట ఆయన గరగరమను గొంతు. పట్టుచీర ప్రక్కన గోనెపట్టా పఱచినట్లుండును. చివర ఇద్దఱును గలియునప్పుడు, మనుమరాలిని ఎత్తుకొన్న తాతయు, ఆ ప్రక్కన తల్లియు మా కన్నుల గట్టిరి. బిడ్డను నిద్రపుచ్చుటకు ఇదియే తగినది. మా యింట పరీక్షించి చెప్పుచున్నాము.

ఇంక మహేలియా జాక్సన్. ఈమె చర్చిపాటలు తప్ప పాడనని నియమము పెట్టుకొన్న గాయని. మద్యశాలలలో పాడుమని యెంత సొమ్ము చూపినను పోలేదు. 1911లో న్యూ ఆర్లియన్సులో పుట్టి, చిన్ననాటనే తల్లిని పోగొట్టుకొన్నది. అట్టి యామె 1956లో "బ్లెస్ దిస్ హౌస్" అను ఆల్బములో ఈ నాటకపు జోలను పాడినది. ఎట్లు పాడినదనగా, జోలను పాడుచు పాడుచు, తెలియకుండగనే తల్లిలేని బిడ్డను నేనని విలపించు మఱియొక పాటలోనికి జాఱినది. మఱల జోలకు వచ్చినది. ఆ రెండవది దాస్యకాలము నాటి పాట. తల్లిని ఒక యజమానికి, బిడ్డను మఱొక యజమానికి అమ్మివేసిన దినములలో పుట్టినది. రెండు పాటల వరుసలకును దగ్గఱ పోలిక గలదని సంగీతజ్ఞులు చెప్పుదురు. ఇందు పెద్ద వాద్యగోష్ఠి లేదు, తొందర లేదు. గెర్ష్విన్ ఆ తీరమున విని తీసికొనిపోయినదానిని, ఈమె మఱల ఇంటికి తెచ్చినట్లున్నది. మేము వినిన వానిలో ఇంతకు మించినది లేదు.

సోల్ అన్నమాటకు ఆత్మయని యర్థము. చర్చిలో దేవుని నుద్దేశించి పాడెడు గొంతుతో మనుష్యప్రేమను పాడుటయే ఆ సంగీతము. రే చార్లెస్ 1954లో చర్చిపాట వరుసకు ప్రేమమాటలు కట్టి పాడగా భక్తులు మండిపడిరి. భక్తబృందములో పేరొందిన సామ్ కుక్ 1957లో లౌకికగీతములకు వచ్చినప్పుడు, ఆతనికి కీర్తి తెచ్చిన ప్లేటు రెండవ వైపున నున్నది మన "సమ్మర్‌టైమ్" పాటయే. ఆతని గొంతు తేనె. అంతకుమించి చెప్పవలసినది మాకు దొరకలేదు.

అరీతా ఫ్రాంక్లిన్ విషయమున నిలువవలెను. ఈమె డెట్రాయిటులో మతాచార్యుని కుమార్తె. పదేండ్లు నిండకమునుపే తల్లి మరణించెను. 1960 మొదలు ఆఱేండ్లు ఒక పెద్ద సంస్థకు పాతపాటలను పాడి చక్కని ఆల్బములు చేసినది. పేరు అంతగా రాలేదు. 1967లో సంస్థ మార్చి, తానే పియానో కడ గూర్చుండి, చర్చిలో పాడినట్లు పాడుటతో లోకము తలయొగ్గినది. ఆ యేడే "రెస్పెక్ట్" వచ్చినది. అది ఓటిస్ రెడింగ్ 1965లో వ్రాసి పాడిన పాట. పగలెల్ల కష్టపడి ఇల్లు చేరిన మగవాడు భార్యను మర్యాద యడుగుట దాని భావము. అరీతా వరుసను ఉంచి, అడుగువారిని మార్చినది. ఇల్లాలు అడుగును. మర్యాద యను మాటను ఒక్కొక్క యక్షరముగా విడదీసి, చదువురాని పిల్లవానికి నేర్పునట్లు పలుకును. వెనుక ఆమె అక్కచెల్లెండ్రు వంత పాడుదురు. ఓటిస్ పాట నేడెవరికి జ్ఞప్తి యున్నది?

1972 జనవరిలో ఆమె లాస్ ఏంజెలిసు నగరమున ఒక చర్చిలో రెండు రాత్రులు జనులయెదుట పాడినది "అమేజింగ్ గ్రేస్" అను ఆల్బమైనది. ఆ పేరుగల కీర్తనను వ్రాసిన ఆంగ్లేయుడు జాన్ న్యూటన్ ఒకనాడు బానిసలను మోయు ఓడకు నాయకుడు. ఆ బానిసల సంతతియైన స్త్రీ దానిని పది నిమిషములకు పైగా, పలుకు పలుకునకు ఆగుచు పాడినది. ఆ రాత్రులు గడచి రెండు వారములు తిరుగకమునుపే మహేలియా జాక్సన్ కన్నుమూసెను. ఆమె అంత్యక్రియలలో పాడినది అరీతాయే. 2018 ఆగస్టులో అరీతాయు పోయెను; ఆ రెండు రాత్రుల చలనచిత్రము ఆ సంవత్సరము చివరనే వెలువడినది.

వినువారికి మాకు తోచిన సంగతులు ఒకటి రెండు. ఫోనులో వెదకిన నివి యన్నియు దొరకును. కొనవలసిన పని లేదు. కాని అది ఒక పాట ముగియగానే తనకు తోచిన మఱొకదానిని పెట్టును. దానిని ఆపివేసి, ఆల్బమును గాయని కూర్చిన వరుసలో వినవలెను. వంటపని చేయుచు ఎల్లాను వినవచ్చును. బిల్లీని వినరాదు, పోపు మాడును.

మా యింటి తగవు మాట. వేసవి చివర నొక మధ్యాహ్నము బిడ్డ నిద్రించుచుండగా మేము మహేలియా పాటను మెల్లగా పెట్టుకొని వినుచుంటిమి. మా అత్తగారు ప్రక్కగదిలో పండుకొనియుండిరి. వారికి ఆంగ్లము రాదు. ఏడవయేట తల్లిని పోగొట్టుకొని మేనమామ యింట పెరిగిన మనిషి. ఆ సంగతి మా మామగారు చెప్పగా విన్నదే గాని, వారి నోట మే మెన్నడును వినలేదు. పాట నడుమ వారు లేచివచ్చి గుమ్మము కడ గూర్చుండిరి. ముగిసినవఱకు మాటలేదు.

"ఇది ఆ పాటేనా?"

"అదే అత్తయ్యా. పాడినావిడ వేఱు."

"ఈవిడకు తల్లి లేదు కాబోలు."

మేము మా అమ్మాయి వంక, మా అమ్మాయి మా వంక చూచుకొంటిమి. వారు కొంగుతో మొగము తుడుచుకొని, ఉయ్యాలను ఒకసారి ఊపి,

"పిల్లకు మాత్రం వద్దు," అనిరి. "నాకు మళ్లీ పెట్టు."